పదకొండు గంటల చారు

ఫిబ్రవరి 4

రాసినదానికి దీపం వెలగదు. ఈ నోటు పుస్తకం మొదలుపెట్టడానికి అంతకుమించిన కారణం లేదు. నోటితో ఏ మాట అన్నా చెవి వెనక అంటించిన బొట్టు దాన్ని తూచి, నేను నమ్మే మాటైతే పచ్చగా, నమ్మని మాటైతే ఎర్రగా చూపిస్తుంది. యాభై ఏడేళ్ళ వయసులో రోజుకు తొమ్మిది గంటలు అలా తూకంలో కూర్చుంటే, సాయంత్రానికి ఇంట్లో కూడా నోరు తెరవాలనిపించదు.

పొద్దున ఏడున్నరకు పని మొదలు. స్పిరిట్లో దూది ముంచి పద్దెనిమిది బొట్లు తుడిచి, పద్దెనిమిది చెవుల వెనక అంటించాలి. చెమట పట్టిన చెవికి బొట్టు అంటదు, ముందు పౌడరు రాయాలి. నా తలుపు మీద పనితీరు అధికారి అని రాసి ఉంటుంది గాని, సగం పూట ఈ చెవుల పనే. తరవాత అందరూ పొడుగుబల్ల ముందు కూర్చుని, తెర మీద కనబడే కొనుగోలుదారులతో "పొద్దున్నే కుంపటి చారు తాగానండి, బాగుంది" అని చెబుతారు. పక్కన దీపం పచ్చగా వెలిగితే అవతలివాళ్ళు ఓ డబ్బా తెప్పించుకుంటారు. ఎర్రగా వెలిగితే మొహం మీదే తెర ఆర్పేస్తారు. పాటలూ బొమ్మలూ హోర్డింగులూ పెట్టి సరుకమ్మడాన్ని చట్టం మానిపించాక, మిగిలిన ప్రచారం ఇదొక్కటే.

మా సరుకు కుంపటి చారు బిళ్ళ. వేణ్ణీళ్ళలో వేస్తే కరిగి చారవుతుంది. దీపం రోజులో ఎంతసేపు పచ్చగా ఉంటే ఉద్యోగికి అన్ని మార్కులు. మా ఉత్తమ ఉద్యోగి జశ్విత గారికి పన్నెండేళ్ళుగా తొంభైకి తగ్గలేదు.

ఇవాళ డెబ్బై ఒకటి.

ఫిబ్రవరి 11

అరవై నాలుగు.

జశ్విత గారికి అరవై ఒక్కేళ్ళు. మా తరం పేర్లు వింటే ఇప్పటి పిల్లలకు నవ్వు. జశ్వితలూ లక్షిత్‌లూ అంటే వాళ్ళకు పళ్ళూడిన ముసలివాళ్ళే గుర్తొస్తారు. మా కొత్త మేనేజరు నాంచారమ్మకు ఇరవై తొమ్మిది. పోయిన నెల హెడ్డాఫీసు నుంచి వచ్చింది. "మా తాతగారి పేరు కూడా లక్షితేనండి" అంది మొదటి రోజే, ఎంతో మర్యాదగా. ఆ మర్యాదకు నా మోకాలి నొప్పి ఇంకాస్త పెరిగింది.

ఇవాళ పిలిచి అడిగింది.

"జశ్విత గారి దీపం ఎందుకు పడిపోతోందండీ?"

"తెలీదు మేడమ్. రుచి మారిందేమో అని చూశాను. బిళ్ళ అదే, నీళ్ళు అవే."

"ఒంట్లో బాగుందా?"

"నాకంటే బాగుంది."

"స్వర్ణ గది కూడా ఇచ్చాం కదండీ. ఇంకేం కావాలి ఆవిడకి?"

ఇచ్చాం. అది నా ఆలోచనే. పదకొండింటికి పొడుగుబల్ల దగ్గర పది నిమిషాల విరామం ఉంటుంది. ఆ పది నిమిషాలూ అందరూ స్టీలు గ్లాసుల్లో మా చారే పోసుకుని, మా చారునే తిట్టుకుంటారు. ఉప్పు లేదని ఒకరు, మిరియాలు సెలవు పెట్టాయని ఇంకొకరు. అందరికంటే పెద్ద గొంతు జశ్విత గారిది. ఉత్తమ ఉద్యోగి నోట ఆ మాటలు రాకూడదని, ఆ సావాసం తప్పించాలని, జనవరి ఒకటిన బహుమతిగా ఆమెకు స్వర్ణ గది ఇప్పించాను. అద్దాల గోడలు, మెత్తటి కుర్చీ, సొంత వేణ్ణీళ్ళ యంత్రం, గుమ్మంలో ఆమె నిలువెత్తు ఫోటో. ఇంతకుముందు మా కంపెనీలో ఎవరికీ ఇలాంటిది ఇవ్వలేదు.

ఫిబ్రవరి 20

అద్దం బయట నిలబడి విన్నాను. నెల్లూరు నుంచి ఒకావిడ తెర మీదికి వచ్చింది.

"చారు ఎట్టుంటాదమ్మా?"

"నేను రోజూ తాగుతానండి." పచ్చ. "చాలా బాగుంటుంది." ఎరుపు.

"బాగలేకపోయినా రోజూ తాగతండావా తల్లీ! నీ కష్టం పగవాళ్ళకి కూడా వద్దు" అని ఆవిడ తెర ఆర్పేసింది.

జశ్విత గారు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. లోపలికి వెళ్ళాను. ఏం అడగాలో తెలియక నీళ్ళు తాగుతారా అని అడిగాను.

"నోరైతే అంటంది సారూ, లోపల్నించి ఎవరూ పలకట్లా" అన్నారు.

ఇవాళ యాభై ఎనిమిది. నా ఉద్యోగ జీవితంలో ఇలాంటివాళ్ళను తొమ్మిది మందిని చూశాను. తొమ్మిది మందికీ సలహాలిచ్చాను. ఒక్కరికీ పనిచేయలేదు. ఆ సంగతి ఏ నివేదికలోనూ రాయలేదు.

మార్చి 1

జశ్విత గారికి ముప్పై రోజుల కాగితం ఇచ్చాను. నాంచారమ్మ ఇమ్మంది. సంతకం చేస్తూ ఆమె తేలిగ్గానే అడిగారు.

"ముప్పై ఒకటో తారీఖున ఏం జరుద్ది సారూ?"

"నెల సగటు అరవై దాటితే ఏమీ జరగదండి."

"దాటకపోతే?"

"నేను మీ ఎదురుగా కూర్చుని 'ఈమె ఈ పనికి తగదని నేను నమ్ముతున్నాను' అనాలి. నా దీపం పచ్చగా వెలిగితే మిమ్మల్ని తీసేస్తారు. ఎర్రగా వెలిగితే చెల్లదు."

"పచ్చగా వెలుగుద్దా?"

"ఎందుకు వెలుగుతుందండీ, నేను నమ్మనిదే?"

ఆమె నవ్వి కాగితం మడిచి పెట్టుకున్నారు. ఎర్రగా వెలిగితే, నమ్మని ఆరోపణ తెచ్చినందుకు నా కుర్చీ పోతుందని నేను చెప్పలేదు. ఆమె కూడా తన అక్క ఊసు ఎత్తలేదు. మోక్షిత గారు నాలుగేళ్ళుగా మంచం మీదే ఉన్నారు. మా అందరి ఇళ్ళూ మంగళగిరి కొండ కింద తవ్విన కంపెనీ చల్లగదులే. ఉద్యోగం ఉన్నన్నాళ్ళే గది. బయట అప్పుడే నలభై ఆరు డిగ్రీలు, ఏప్రిల్లో యాభై దాటుతుంది. మంచం మీది మనిషిని ఆ ఎండలోకి తీసుకెళ్తే ఎన్నాళ్ళు బతుకుతుందో అందరికీ తెలుసు.

అధికారిని కాబట్టి నా బొట్టూ జేబు దీపమూ ఇంటికి తెచ్చుకోవచ్చు. స్నానాల గదిలో తలుపేసుకుని ఆ వాక్యం అని చూశాను. ఎరుపు. ప్రాణం కుదుటపడింది.

మార్చి 6

కొత్తగా ఇద్దరు చేరారు. వల్లెవేత మొదలుపెట్టించాను. "నాకు కుంపటి చారు ఇష్టం" అని రోజూ పొద్దున్నే అంటూ పోవాలి. మొదట్లో అందరికీ ఎరుపే. మూడు నాలుగు వారాలకు ఎవరికైనా పచ్చగా వెలుగుతుంది. చారంటే గిట్టనివాళ్ళకు కూడా. ఈ పద్ధతి కనిపెట్టింది నేనే, అధికారి కుర్చీ వచ్చింది అందుకే. వెలిగాక దాన్ని ఏళ్ళ తరబడి నిలబెట్టుకోవడం ఎలాగో మాత్రం నాకు తెలియదు. ఎవరి తంటా వాళ్ళదే.

ఇంట్లో ఇవాళా ఎరుపే. మా ఆవిడ ఆన్షి తలుపు తట్టింది.

"పొద్దున్నే ఎవర్నండీ తగదు తగదంటున్నారు?"

"ఎవర్నీ కాదు. సరిచూసుకుంటున్నా."

"సరే గాని, నీళ్ళు వృథా చెయ్యకండి."

మార్చి 9

ఎరుపు. ధైర్యం కోసం ఇరవై సార్లు అన్నాను. ఇరవైసార్లూ ఎరుపే.

మార్చి 14

ఇంత చిన్న విషయం తెలుసుకోవడానికి నాకు నెలా పది రోజులు పట్టింది. సిగ్గుగా ఉంది.

పదకొండింటికి స్వర్ణ గదికి వెళ్ళాను. మోకాలు నొప్పి పెడుతోందని ఓ క్షణం కూర్చున్నాను. జశ్విత గారు యంత్రంలోంచి రెండు గ్లాసులు పట్టి ఒకటి నాకిచ్చారు. తాగి, ఊరికే, ఏదో ఒకటి అనాలి కాబట్టి, "పులుపు ఎక్కువైనట్టుందే" అన్నాను.

ఆమె నావైపు ఎలా చూశారంటే, ఎన్నాళ్ళకో పుట్టింటి మనిషి కనబడినట్టు.

"ఎక్కువా? పులుపా అది? చింతపండు ఆ పక్కగా నడిచెళ్ళుంటది, అంతే! ఇంగువ సంగతి చెప్పమాకండి, డబ్బా మీద బొమ్మేశారు గానీ లోపలెయ్యటం మర్చిపోయారు. వెల్లుల్లి ఉందంటారు. నేను పన్నెండేళ్ళ నుంచీ వెతుకుతున్నా, దొరికితే మీక్కూడా చూపిస్తా!"

పది నిమిషాలు తిట్టారు. తిట్టి తిట్టి, చివర గ్లాసు ఎత్తి అడుగున ఉన్నది కూడా తాగేసి, "అయినా పొద్దున్నే గొంతులోకి వేడిగా దిగుద్ది చూడండి, దానికే తాగాలి దీన్ని" అన్నారు.

ఆ తరవాత వచ్చిన కొనుగోలుదారుకు ఆమె బాగుంటుందని చెబితే దీపం గదంతా పచ్చగా వెలిగింది.

"ఈ గదిలో దీన్నొక చెడ్డమాట అనటానికి మనిషి లేడు సారూ" అన్నారు. "ఫోటోలో నేను తప్ప ఎవరూ లేరు. దాంతో ఏం చెప్పుకునేది?"

మధ్యాహ్నం మార్కులు ఎనభై తొమ్మిది. పన్నెండేళ్ళు ఆమె ఇష్టాన్ని నిలబెట్టింది ఏమిటో, దాన్నే నేను బహుమతి పేరుతో ఊడబెరికాను.

మార్చి 17

మూడు రోజులు గ్లాసు పట్టుకుని వెళ్ళాను. మూడు రోజులూ తొంభైకి దగ్గర్లో మార్కులు. ఇవాళ నాంచారమ్మ పిలిచింది. స్వర్ణ గదిలో మాటలన్నీ హెడ్డాఫీసుకు వినబడతాయట. ఆ సంగతి నాకు తెలియదు. ఇప్పించినవాణ్ణి నేనే గాని, ఆ కాగితాలు చదవలేదు.

"కంపెనీ గదిలో కూర్చుని అధికారే కంపెనీ చారును తిడుతున్నాడని రాశారండీ" అంది.

"తిట్టాకే ఆవిడ దీపం వెలుగుతోంది మేడమ్. మార్కులు చూడండి."

"చూశాను. దీన్ని ఏమని రాసి పంపమంటారు? తిట్లు పనితీరు పెంచుతాయనా?"

"పోనీ ఆవిణ్ణి పొడుగుబల్లకు పంపించేద్దాం."

"ఆ ఫోటో ఇప్పుడు ప్రతి డబ్బా మీదా ఉందండీ. స్వర్ణ గదిలోంచి బయటికి రావాలంటే రిటైరవ్వాలి, లేకపోతే తొలగించాలి. మీరు పంపిన ప్రతిపాదనలోనే ఉంది."

ఉంది. అది నా వాక్యమే. ఆ అమ్మాయి మీద కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు. ఆమె బల్ల మీద కూడా ఒక ముప్పై రోజుల కాగితం ఉంది. పైన ఆమె పేరే ఉంది.

మార్చి 24

స్వర్ణ గదికి వెళ్ళడం మానేశాను. జశ్విత గారి మార్కులు మళ్ళీ యాభైల్లోకి దిగాయి. సగటు యాభై ఎనిమిది దగ్గర నిలబడింది.

పొద్దున స్నానాల గదిలో ఆ వాక్యం అన్నాను. ఎరుపు వచ్చింది గాని, రావడానికి కాస్త సమయం పట్టింది. బొట్టు పాతబడిందేమో. మార్చాలి.

అలసటగా ఉంది. ఈ నెల ఎలాగో అలా అయిపోతే చాలనిపిస్తోంది.

మార్చి 30

బొట్టు మార్చాను. కొత్తది అంటించుకుని, ఎప్పటిలాగే తలుపేసుకుని అన్నాను.

ఈమె ఈ పనికి తగదని నేను నమ్ముతున్నాను.

పచ్చగా వెలిగింది.

మళ్ళీ అన్నాను. పచ్చ. మొహం కడుక్కుని అన్నాను. పచ్చ. బకెట్టు బోర్లించి దాని మీద కూర్చుండిపోయాను. నెల రోజులు, రోజుకు ఇరవై సార్లు, ముప్పై సార్లు. ఎర్రగానే ఉందా అని చూసుకోవడం కోసం అన్నాను. కొత్తవాళ్ళకు నేను నేర్పేది సరిగ్గా ఇదే. ఈ ఊళ్ళో ఎవడికైనా ఈ ముచ్చట తెలియాలంటే అది నాకే తెలియాలి. నాకే తోచలేదు.

ఆన్షి తలుపు తట్టింది. బాగానే ఉన్నానన్నాను. జేబు దీపం ఎర్రగా వెలిగింది.

మార్చి 31

జరిగింది జరిగినట్టు రాస్తాను.

విచారణ పదకొండున్నరకు. గది బయట వరండాలో జశ్విత గారు బెంచీ మీద కూర్చుని ఉన్నారు. ఇస్త్రీ చీర కట్టుకున్నారు. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. సగటు యాభై ఎనిమిదే, అరవై దాటలేదని చెప్పాను. తెలుసన్నారు.

"మీ మాట ఎర్రగానే వెలుగుద్దిగా సారూ. నాకు బెంగలేదు" అన్నారు.

అప్పుడు చెప్పేశాను. స్నానాల గది సంగతి, ముప్పై రోజుల సంగతి, నిన్నటి పచ్చ సంగతి. చెబుతున్నంతసేపూ నా మోకాళ్ళ వైపే చూసుకున్నాను. తలెత్తితే ఆమె మొహం తెల్లబోయి ఉంది.  తరవాత చిన్నగా నవ్వారు.

"మీ వల్లెవేత మీకే తగిలిందన్నమాట."

"నన్ను క్షమించండి."

"క్షమాపణలెందుకు ఇప్పుడు? నన్ను తిట్టండి."

"ఏంటండీ?"

"ఆ మాట మీ సొంతం గాదు, అరువు మాట. అని అని అతుక్కుంది. నా మీద మీకు నిజంగా ఉన్న కోపాలుంటయ్యిగా, అయ్యన్నీ బయటెయ్యండి. కడుపునిండా తిట్టండి. అయినాక ఏది మిగిలితే అదే చెప్పండి. పచ్చైతే పచ్చే. నేను మా అక్కని తీసుకుని ఎటో పోతా, మిమ్మల్ని ఏమీ అనను."

విచారణలో ఆ వాక్యానికి ముందు ఉద్యోగి లోపాలు చదవాలి. మామూలుగా రెండు లైన్లు. నాంచారమ్మ నా బొట్టు సరిచూసి, బల్ల మీద దీపం పెట్టి, "లోపాలు చెప్పండి లక్షిత్ గారూ" అంది.

జశ్విత గారి వైపు తిరిగి మొదలుపెట్టాను. సోమవారం ఏనాడూ వేళకు రారన్నాను. పచ్చ. కొత్త గ్లాసులు తెప్పిస్తే పెన్ను మూతతో చారు కలిపి గీతలు పెడతారన్నాను. పచ్చ. కొనుగోలుదారుల్ని ఒరే నాయనా అంటారని, ఫ్యాను కింద కుర్చీ పన్నెండేళ్ళుగా ఎవరికీ వదల్లేదని, నాకు అధికారి కుర్చీ వచ్చిననాడు అందరి ముందూ "గొంతులు మావి, కుర్చీ ఆయనది" అన్నారని, ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటోందని చెప్పాను. అన్నీ పచ్చే. నాంచారమ్మ రాసుకుంటోంది. జశ్విత గారు తలాడిస్తున్నారు, కానివ్వమన్నట్టు.

"మా అమ్మ పెద్దకర్మ రోజున కూడా వదల్లేదు మీరు" అన్నాను. నా గొంతు పెరిగింది. "బంధువులందరి ముందూ, చారు నోట్లో పెట్టుకుని, ఇది చారా అని వంటవాడి మీదికి వెళ్ళారు. నాకు తల కొట్టేసినట్టయింది. చావింట్లో ఎవరైనా చారుకు వంకలు పెడతారా? చీర దోపుకుని వంటింట్లోకి పోయి, ఆ కాగు పారబోయించి, నలభై మందికి మళ్ళీ మీ చేత్తో..."

అక్కడ ఆగిపోయాను. మూడు రోజులుగా తిండి తినని నేను ఆ పూట రెండు సార్లు అన్నం పెట్టించుకున్నాను. ఆ సంగతి ఇన్నేళ్ళలో గుర్తు చేసుకోలేదు. ఏడుపొచ్చింది. ఆపుకోవడానికి ప్రయత్నించలేదు.

నాంచారమ్మ కలం ఆపింది. "వాక్యం చెప్పాలండీ" అంది మెల్లగా.

చెప్పాను. ఈమె ఈ పనికి తగదని నేను నమ్ముతున్నాను.

దీపం మెరవడానికి క్షణం కూడా పట్టలేదు. గదంతా ఎర్రబడింది. నాంచారమ్మ కాగితమూ, గోడా, జశ్విత గారి ఇస్త్రీ చీరా అన్నీ.

"ఇంకోసారి చెప్తారా?" అంది నాంచారమ్మ. చెప్పాను. ఎరుపే. ఆమె తన చెవి వెనక బొట్టు ఊడదీసి బల్ల మీద పెట్టింది. "నాకు చాలా బాధగా ఉందండీ, మీ కుర్చీ గురించి" అంది. బొట్టు తీసేశాక అన్నది కాబట్టి అది నిజమో కాదో తెలియదు. నిజమేననుకుంటాను.

ఏప్రిల్ 7

పొడుగుబల్ల దగ్గర ఇవాళ నా మొదటి రోజు. స్వర్ణ గది తాళం వేశారు. విచారణ చెల్లకపోయేసరికి హెడ్డాఫీసు నిబంధన మార్చింది. అందులో కూర్చోవడానికి జశ్విత గారు తగరని నాంచారమ్మ అంది, దీపం నిక్షేపంగా పచ్చగా వెలిగింది, ఫోటో తీసేశారు. చల్లగది మాత్రం ఆమెదే. మాకు ఒంటి గది ఇచ్చారు. మంచం పడితే తలుపు తెరుచుకోదని ఆన్షి గొణుగుతోంది. బయట యాభై ఒకటి. బొట్లు ఇప్పుడు నాంచారమ్మే అంటిస్తోంది. పౌడరు రాయడం మరిచిపోతుంది, నాది రెండు సార్లు ఊడింది.

పదకొండింటికి నా చేతికీ ఒక స్టీలు గ్లాసు వచ్చింది. అందరూ నావైపు చూస్తున్నారు. ఏళ్ళ తరబడి ఇదే బల్ల దగ్గర నిలబడి వీళ్ళ మాటలు రాసుకున్నవాణ్ణి నేను. ఒక గుక్క తాగి, గొంతు సవరించుకుని, "ఇది చారు కాదు, గ్లాసు కడిగిన నీళ్ళు" అన్నాను.

"అంతేనా?" అన్నారు జశ్విత గారు. "ఇన్నేళ్ళు దాచుకుని, ఇంతేనా సారూ?"

అప్పుడు మొదలుపెట్టాను. గంట కొట్టినా ఆపలేదట, పక్కనున్నవాళ్ళు కూర్చోబెట్టారు.

సాయంత్రానికి జశ్విత గారివి తొంభై ఒకటి. నావి పంతొమ్మిది. నాకు ఈ కుంపటి చారంటే ఇష్టం లేదు, ఎప్పుడూ లేదు. ఇలాగే ఉంటే మే ఒకటిన నాకూ ముప్పై రోజుల కాగితం వస్తుంది. వెళ్ళేటప్పుడు జశ్విత గారు నా చెవి వెనక సగం ఊడి వేలాడుతున్న బొట్టు తీసి చేతిలో పెట్టారు.

"పంతొమ్మిదంటే తక్కువేం గాదు, మొదటి రోజుకి. రేపు ఇంకాస్త గట్టిగా తిడదాం" అన్నారు.

ఇంటికొచ్చాక ఆన్షి ఎలా ఉందని అడిగింది. మంచం మీద కూర్చుని ఆ చారు గురించి అరగంట చెప్పాను.